కాంట్రాక్ట్ పెళ్లి కథలు: హీరోని వదిలేయండి, బేరం చూసి ఎంచుకోండి

"మంచి కాంట్రాక్ట్ మ్యారేజ్ కథ ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లు దాని వెనకే ఇంకో మాట కూడా కలుపుతారు. హీరో కోపిష్టి అయి ఉండాలనో, బాగా డబ్బున్నవాడై ఉండాలనో. నన్నడిగితే అది తర్వాత చూసుకోవాల్సిన సంగతి. ప్రేమతో పని లేకుండా, ఏదో అవసరం గడవడానికి ఇద్దరు పెళ్లి చేసుకుంటారు. చేసుకున్నాక ప్రేమలో పడతారు. ఈ కథలన్నిటికీ అస్థిపంజరం ఇదే. ఆ అవసరం ఏమిటో తెలిస్తే పుస్తకం మీకు నచ్చుతుందో లేదో ముప్పావు వంతు తెలిసిపోయినట్టే.

ఇంగ్లీష్‌లో ఇవి చదివేవాళ్లకి ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకే ఇంట్లో కాపురం పెట్టడమే పెద్ద వింత. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి అందులో వింతేముంది? పెళ్లిచూపుల్లో స్వీటూ హాటూ అయ్యాక ఇద్దర్నీ పావుగంట బాల్కనీలోకి పంపిస్తారు. ఈలోపు ప్యాకేజీ ఎంత, హెచ్‌-1బి ఏ స్టేజిలో ఉంది, మణికొండ ఫ్లాట్ ఎవరి పేరు మీద ఉంది లాంటివన్నీ హాల్లో పెద్దవాళ్లు తేల్చుకుంటారు. ముందు పెళ్లి, ఆ తర్వాత పరిచయం, కుదిరితే ప్రేమ. మన ఇళ్లలో చాలా కాపురాలు ఈ వరసలోనే మొదలయ్యాయి. కాబట్టి తెలుగు పాఠకులకి ఈ కథల్లో అసలు రుచి బేరంలో ఉంటుంది. హాల్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలు ఇక్కడ పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. నాకేం కావాలి, నీకేం కావాలి, ఎన్నాళ్లు, ఎవరు ఏ గదిలో. ఆ ఒక్క సంభాషణ బాగా కుదిరిందంటే మిగతా పుస్తకాన్ని ధైర్యంగా నమ్మొచ్చు.

ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండు. ఈ పెళ్లి ఎవరికి అవసరం, ఆ అవసరం ఎంత నిజం? వద్దనుకుంటే బయటపడే దారి ఉందా? రెండో ప్రశ్నకి వచ్చే జవాబు దగ్గరే పాతకాలం కథలూ ఈ కాలం కథలూ విడిపోతాయి. గుర్రబ్బళ్లూ గౌన్లూ పైపై తేడాలే.

దారి మూసుకుపోయిన పెళ్లిళ్లు

ఇంగ్లండ్‌లో 1857 చట్టం వచ్చేదాకా, మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీలిచ్చే విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాల్సి వచ్చేది. డబ్బూ పలుకుబడీ దండిగా ఉంటే తప్ప అది అయ్యే పని కాదు. పెళ్లయితే ఆడవాళ్ల డబ్బు మీద పెత్తనం భర్తదే. ఇది గట్టిగా మారింది 1882 చట్టంతో. రీజెన్సీ రొమాన్సులని పిలిచే పాతకాలపు ఇంగ్లండ్ ప్రేమకథలు నడిచేది 1811-1820 ప్రాంతంలో. అంటే ఆ కథల్లో అవసరం కోసం పెళ్లి చేసుకున్నవాళ్లు "ఆర్నెల్లు చూద్దాం, కుదరకపోతే ఎవరి దారి వాళ్లది" అనుకోలేరు. ఆ పెళ్లి ఇక జీవితాంతం ఉంటుంది. అందుకే అక్కడ చిన్న విషయానికి కూడా బరువెక్కువ. భోజనాల దగ్గర ఒక ముక్తసరి జవాబు మూడు అధ్యాయాల పాటు సలుపుతూనే ఉంటుంది.

ఈ రకంలో నేను అందరికంటే ముందు పెట్టేది జార్జెట్ హేయర్ 1961లో రాసిన 'ఎ సివిల్ కాంట్రాక్ట్'. మన వరకట్న నిషేధ చట్టం కూడా 1961దే కావడం కాకతాళీయమే గానీ, తెలుగువాళ్లు ఈ పుస్తకం చదువుతూ కట్నం గురించి ఆలోచించకుండా ఉండటం కష్టం. ఆడమ్ సైన్యంలో పనిచేస్తూ ఉంటాడు. తండ్రి చనిపోయి ఇంటికొస్తే బిరుదుతో పాటు మోయలేనన్ని అప్పులు చేతికొస్తాయి. తాతల నాటి ఎస్టేటు అమ్ముకోవాలి, లేదా డబ్బున్న అమ్మాయిని చేసుకోవాలి. అతను ప్రేమించింది అందగత్తె జూలియాని. చేసుకున్నది జెన్నీని. జెన్నీ వ్యాపారంలో కోట్లకి పడగెత్తిన చాలీ కూతురు. చూడ్డానికి సాదాసీదాగా, కాస్త బొద్దుగా ఉంటుంది. మామగారికి కావాల్సింది కూతురికో బిరుదు, అల్లుడికి కావాల్సింది అప్పుల నుంచి విముక్తి. ఇద్దరికీ లెక్క తెలుసు, ఎవరూ దాచుకోరు.

ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చేది మామాఅల్లుళ్ల వ్యవహారం. చాలీ చెడ్డవాడు కాదు. ప్రేమ చూపించడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే, డబ్బు ఖర్చు పెట్టడం. కొత్త దంపతుల కోసం లండన్ ఇంటిని తన అభిరుచి మేరకు నింపేస్తాడు, మొసలి కాళ్లున్న సోఫాలతో సహా. అల్లుడు ఆ హాల్లో నిలబడి థాంక్స్ చెప్పాలి. మొహంలో ఏమీ కనపడకూడదు. పక్కనే ఉన్న జెన్నీకి అంతా అర్థమవుతూనే ఉంటుంది. తండ్రిని నొప్పించడం ఆమె వల్ల కాదు, భర్త అవమానాన్ని చూస్తూ ఉండటమూ కాదు. ఇల్లరికం వెళ్లినవాళ్ల అవస్థ, అత్తింటివాళ్లు కొనిచ్చిన కారు నడిపే అల్లుడి అవస్థ మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లిలో పెట్టిన బీరువాని వంకరగా చూస్తూ కూడా "చాలా బాగుందండీ" అన్నవాళ్లు మన చుట్టాల్లోనే బోలెడంత మంది.

ఇక ప్రేమ సంగతి. జెన్నీ భర్తకి ఏ వంట ఇష్టం, ఏ గదిలో వెలుతురు సరిపోతుంది, ఎస్టేటులో ఏ రైతు ఇల్లు కారుతోంది అన్నవి గుర్తు పెట్టుకుంటుంది. ఆడమ్‌కి అది కనపడటానికే చాలా కాలం పడుతుంది. చివర్లో గుండెలు అదిరే ప్రేమ ప్రకటనలేమీ ఉండవు. అతను జెన్నీ లేకుండా ఉండలేని మనిషవుతాడు, అంతే. ఈ ముగింపు మీద హేయర్ అభిమానులు ఇప్పటికీ రెండు జట్లు. జెన్నీకి అన్యాయం జరిగిందని ఒకరు, ఇంతకంటే నిజమైన ప్రేమకథ లేదని ఒకరు. నేను రెండో జట్టు. వాటర్లూ యుద్ధం వార్త ఇంకా అందకముందు లండన్‌లో జనం భయపడి ప్రభుత్వ బాండ్లు అమ్మేసుకుంటుంటే, ఆడమ్ మామగారి సలహా కాదని తమ సేనాధిపతి వెల్లింగ్టన్ గెలుపు మీద నమ్మకంతో కొనేస్తాడు. ప్రేమకథలో స్టాక్ మార్కెట్ ఇంత టెన్షన్ పుట్టించడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ కొనుగోలు వెనక ఉన్నది అత్యాశ కాదు. మామగారి ముందు తల ఎత్తుకోవాలన్న పంతం.

ఆవిడదే ఇంకొకటి, 'ది కన్వీనియెంట్ మ్యారేజ్', 1934లో వచ్చింది. పేరు చూసి రెండూ ఒకటే రకం అనుకుంటే దెబ్బ తింటారు. ఇది పూర్తిగా సరదా. పద్దెనిమిదో శతాబ్దపు లండన్. ఎర్ల్ అనే బిరుదున్న ఒక దొరగారు విన్‌వుడ్ వాళ్ల పెద్దమ్మాయిని అడుగుతాడు. ఆ అమ్మాయికి ఇంకొకరి మీద మనసు, అతను డబ్బులేని సైనికుడు. అన్న జూదంలో తగలేయడంతో ఇంటికి డబ్బు అవసరం. అప్పుడు ఆఖరమ్మాయి హొరేషియా, పదిహేడేళ్ల పిల్ల, మాట కాస్త తడబడుతుంది, ఒంటరిగా ఎర్ల్ ఇంటికి వెళ్లి "అక్క బదులు నన్ను చేసుకోండి, నేను మీ దారికి అడ్డు రాను" అని బేరం పెడుతుంది. ఆ ఒక్క సీను కోసమైనా చదవచ్చు. తన నత్తినీ, వంపు లేని కనుబొమల్నీ ముందే ఒప్పేసుకుని, అయినా సంబంధం మంచిదేనని వాదిస్తుంది. ఆ తర్వాతంతా కత్తియుద్ధాలూ, దొంగతనాలూ, తప్పిపోయిన నగా. ఇబ్బంది ఒక్కటే. పెళ్లికొడుక్కి ముప్పై అయిదు. ఇద్దరి మధ్యా ఉన్న వయసు తేడా ఇప్పటి పాఠకులకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

రెండిట్లో ఏది? నవ్వుకుంటూ పూర్తి చేయాలంటే 1934 పుస్తకం. పెళ్లయి కొన్నేళ్లయినవాళ్లయితే 1961 పుస్తకం. పెళ్లికాని వాళ్లకి ఇది కొంచెం నీరసంగా అనిపించే ప్రమాదం ఉంది. హేయర్ ఇంగ్లీష్ తేలిక కాదని కూడా ముందే చెప్పాలి. ఆ కాలపు యాస, జూదగాళ్ల పరిభాష ఎక్కువ. మొదటి యాభై పేజీలు ఓపిక పడితే చెవికి అలవాటవుతుంది. పడకగది సన్నివేశాలు అసలుండవు. ఇంట్లో ఎవరి చేతికి దొరికినా కంగారు పడక్కర్లేదు.

అవే కావాలనుకునేవాళ్లకి పాతకాలపు ఇంగ్లండ్‌లోనే నడిచే ఇప్పటి రచనలు రెండు. లిసా క్లేపస్ 'డెవిల్ ఇన్ వింటర్' (2006)లో ఈవీ అనే అమ్మాయి తన వారసత్వం కోసం వేధించే బంధువుల నుంచి తప్పించుకోవడానికి పేరుమోసిన తిరుగుబోతు దగ్గరికి వెళ్లి తనే పెళ్లి ప్రస్తావన తెస్తుంది. అతనికి డబ్బు కావాలి, ఈవీకి భర్త అనే రక్షణ కావాలి. టెస్సా డేర్ 'ది డచెస్ డీల్' (2017)లో యుద్ధంలో మొహం కాలిన డ్యూక్ దగ్గరికి ఒక దర్జీ అమ్మాయి తనకి రావాల్సిన కూలి అడగడానికి వస్తుంది. కుట్టింది అతని ఆగిపోయిన పెళ్లికి గౌను. అతనికి వారసుడు కావాలి, కాబట్టి అక్కడికక్కడే పెళ్లి బేరం. రాత్రిళ్లే కలవాలి, దీపాలుండకూడదు, ముద్దులుండకూడదు అని అతని షరతులు. రోజూ కలిసి భోజనం చేయాలని ఆమె షరతు. హాస్యం కోసం డేర్, చెడిపోయినవాడు బాగుపడే కథ కోసం క్లేపస్. నాకు ఈ రెండిట్లో డేర్ ముందుంటుంది, ఎందుకంటే అక్కడ ప్రతి షరతూ ఎలా ఓడిపోతుందో ఒకదాని తర్వాత ఒకటి కళ్లముందే జరుగుతుంది.

తేదీ రాసి పెట్టుకున్న పెళ్లిళ్లు

ఈ కాలం కథల్లో విడాకులు ఉన్నాయి కాబట్టి రచయితకి పని కష్టం. ఎవరైనా ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. మరి ఎందుకు ఉంటున్నారు? ఈ ప్రశ్నకి గట్టి జవాబు దొరికే సరుకు వీసా. హైదరాబాద్‌లో వీసా మాట వినని ఇల్లు అరుదు. చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్లకీ, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ముందు ఫైళ్లు పట్టుకుని నిలబడేవాళ్లకీ ఈ అవసరం ఎంత నిజమో కొత్తగా చెప్పక్కర్లేదు.

మరియానా జపాటా 'ది వాల్ ఆఫ్ విన్నిపెగ్ అండ్ మీ' (2016) ఈ కోవలో బాగా పేరొచ్చిన నవల. ఏడెన్ కెనడావాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. వెనెస్సా అతని దగ్గర అసిస్టెంటుగా చేసి చేసి విసిగిపోయి మానేస్తుంది. అప్పుడు అతను ఇంటికొచ్చి గ్రీన్ కార్డ్ కోసం పెళ్లి చేసుకోమంటాడు, బదులుగా ఆమె చదువు అప్పు తీరుస్తానంటాడు. అప్పు సంగతి గమనించండి. ఆమె అవసరం అతని అవసరానికి తీసిపోదు. అందుకే బేరం సమానంగా కూర్చుంటుంది. నడక మాత్రం చాలా నెమ్మది. సగం పుస్తకం దాటినా ఇద్దరూ పెద్దగా ముట్టుకోరు. ఓపిక లేనివాళ్లు దీన్ని పక్కన పెట్టడమే మంచిది. ఓపిక ఉన్నవాళ్లకి మాట తక్కువ మనిషి ఒక్కో మాటా బయటికి తీయడంలో ఉన్న సుఖం తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట. కథలో ఎంత ముచ్చటగా ఉన్నా, వలస చట్టాల్ని తప్పించుకోవడానికే పెళ్లి చేసుకోవడం అమెరికాలో నేరం. ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉంటాయి. పెళ్లయి రెండేళ్లు నిండకముందు గ్రీన్ కార్డ్ వస్తే అది షరతులతో రెండేళ్లకే ఇస్తారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసే ఉన్నామని చూపించి షరతులు తీయించుకోవాలి. మంచి వీసా కథలు ఈ భయాన్ని వాడుకుంటాయి: ఇంటర్వ్యూ, ఒకరి టూత్‌బ్రష్ రంగు ఇంకొకరికి గుర్తుండటం, జాయింట్ అకౌంట్. నాసి కథల్లో గ్రీన్ కార్డ్ కొరియర్‌లో వచ్చేస్తుంది.

భారతదేశంలో నడిచే కథలకీ ఇదే పరీక్ష పెట్టొచ్చు. తెలుగు యాప్ కథల్లో "ఆరు నెలల కాంట్రాక్ట్, ఆ తర్వాత విడాకులు" అని బాండ్ పేపర్ మీద సంతకాలు చేయించడం రివాజు. హిందూ వివాహ చట్టం ప్రకారం, తట్టుకోలేనంత కష్టం లాంటి మినహాయింపులుంటే తప్ప, పెళ్లయిన ఏడాది లోపు విడాకుల పిటిషనే వేయకూడదు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా ముందు ఏడాది పాటు విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక మామూలుగా మరో ఆరు నెలలు ఆగాలి. ఈ ఆరు నెలల్ని సందర్భాన్ని బట్టి కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. విడిగా ఉండటం అంటే వేరే ఇల్లే అక్కర్లేదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా ఉండకపోతే చాలు అని 1991లోనే చెప్పింది. రొమాన్స్ రాసేవాళ్లకి ఇంతకంటే మంచి ప్లాట్ ఎవరిస్తారు? ఒకే ఇల్లు, రెండు గదులు, ఏడాది లెక్క, మధ్యలో ఒక్కసారి తలుపు తడితే లెక్క మళ్లీ మొదటికొస్తుందన్న భయం. ఇన్ని యాప్ సీరియల్స్ చదివాను గానీ దీన్ని వాడుకున్నవాళ్లు నాకింకా తగల్లేదు. అందరూ బాండ్ పేపర్ దగ్గరే ఆగిపోయారు. పైగా ముందే విడిపోయే తేదీ రాసుకున్న అలాంటి ఒప్పందాన్ని కోర్టులో చూపించి అమలు చేయించుకోవడం ఇక్కడ కుదిరే పని కాదు. "ఒప్పందం తప్పితే కోటి రూపాయలు కట్టాలి" అని హీరో బెదిరిస్తే హీరోయిన్ ఒక్కసారి నాంపల్లి కోర్టు దగ్గర ఎవరైనా లాయర్‌ని అడిగి రావచ్చు. కథ అక్కడితో అయిపోతుంది, అది వేరే సంగతి.

ఫోన్‌లో చదివే సీరియల్స్

తెలుగులో ఈ రకం కథలు ఇప్పుడు ఎక్కువగా ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలుగా వస్తున్నాయి. ఒక భాగం చదవడానికి ఐదారు నిమిషాలు. మెట్రోలో అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీ వెళ్లేలోపు మూడు నాలుగు భాగాలు లాగించేయవచ్చు. ఇంగ్లీష్ నవలతో పోలిస్తే వీటికున్న బలం మన ఇళ్లు. అత్తగారూ, ఆడపడుచూ, తోటికోడలూ, అట్లతద్దీ, శ్రావణ శుక్రవారం. పెళ్లి ఉత్తుత్తిదే అయినా నోము మాత్రం నిజంగానే పట్టాలి. పేరంటానికి వచ్చిన పక్కింటావిడ "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని అడిగితే జవాబు చెప్పాలి. ఇంగ్లీష్ కథల్లో దంపతులు నాటకం ఆడాల్సింది ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ ముందు. ఇక్కడ ఉదయం కాఫీ దగ్గర్నుంచి రాత్రి పాలగ్లాసు దాకా ఇంటిల్లిపాది ముందూ. మన కథలకి ఈ విషయంలో ఎవరూ సాటిరారు.

బలహీనత పొడవు. పాఠకులు ఉన్నంతకాలం కథ సాగుతుంది, సాగదీయడానికి ఒక అపార్థం చాలు. ఎన్ని వందల భాగాలకి వెళ్తుందో మొదలుపెట్టేటప్పుడు తెలియదు. అందుకని పూర్తయిన కథనే ఎంచుకోవడం మంచిది. మధ్యలో రచయిత మాయమైపోతే అడిగే దిక్కుండదు.

అవసరం ఏమిటని చూస్తే తెలుగు సీరియల్స్‌లో నాలుగైదే తిరుగుతుంటాయి. తాతగారికి గుండె ఆపరేషన్, మనవడి పెళ్లి చూస్తే గానీ థియేటర్‌లోకి వెళ్లనంటాడు. ఆస్తి వీలునామా, ఫలానా పుట్టినరోజు లోపు పెళ్లి కాకపోతే కంపెనీ బాబాయి పాలు. భార్య పోయినవాడి ఇంట్లో పసిపిల్ల. వీటిలో మూడోది నాకిష్టం, ఎందుకంటే పిల్ల నిజంగా ఏడుస్తుంది, నిజంగా జ్వరం వస్తుంది. రాత్రి రెండింటికి థర్మామీటర్ ఎక్కడుందో తెలియని ఇద్దరు మనుషులు ఎంత దూరంగా ఉందామనుకున్నా ఉండలేరు. తాత గుండె మాత్రం పెళ్లి అయిన మర్నాడే బాగైపోతుంది, ఆ తర్వాత కథకి నిలబడే కాళ్లుండవు. వీలునామా గురించి చెప్పడానికేమీ లేదు.

ఇంకొకటి మన దగ్గర బాగా నడిచేది పీటల మీద పెళ్లికూతురు మారడం. ముహూర్తం దగ్గర పడుతుంది. అక్క ఉత్తరం రాసి వెళ్లిపోయిందని తెలుస్తుంది. మేనమామ బుట్ట పట్టుకుని గుమ్మంలో ఆగిపోతాడు. తండ్రి తలపాగా తీసి పక్కన పెడతాడు. పంతులుగారు వాచీ చూసుకుంటారు. అందరి కళ్లూ చెల్లెలి వైపు తిరుగుతాయి. సీను పండుతుంది, కాదనను. కానీ ఇందాక చెప్పుకున్న హొరేషియా పక్కన ఈ చెల్లెల్ని నిలబెట్టి చూడండి. రెండు చోట్లా అక్క స్థానంలోకి వచ్చేది చెల్లెలే, రెండు చోట్లా ఇంటి అవసరమే కారణం. హొరేషియా తనంతట తను నడుచుకుంటూ వెళ్లి అడిగింది. ఈమెను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. 1934లో రాసిన అమ్మాయికి ఉన్న చొరవ ఇప్పటి సీరియల్‌లో అమ్మాయికి లేకపోతే నాకు ముందుకి చదవబుద్ధి కాదు. మంచి రచయితలైతే పదో భాగం లోపు ఈమె చేత కూడా ఒక షరతు పెట్టిస్తారు: ఎం.టెక్ పూర్తి చేస్తాననో, జీతం తన అకౌంట్‌లోనే ఉంటుందనో. ఆ షరతు వచ్చిందా, కొనసాగించండి. రాలేదా, యాప్‌లో వేరే కథలకి కొదవలేదు.

పగ తీర్చుకోవడానికి పెళ్లి చేసుకునే హీరోల కథల్ని నేను ఈ లెక్కలోకి తీసుకోను. అక్కడ బేరం ఉండదు, ఒకడి కక్ష ఉంటుంది. చెంపదెబ్బ కొట్టినవాడు నూట యాభయ్యో భాగంలో కన్నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన అది ప్రేమకథ అయిపోదు. వీటికి చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. మా వదినకి ప్రాణం. "నీకేం తెలుసు, చివర్లో ఎంత మారిపోతాడో!" అంటుంది. మారడానికి అన్ని భాగాలు పట్టేవాడితో కాపురం ఎవరు చేస్తారు వదినా అంటే ఫోన్ తిప్పేసుకుంటుంది.

ఏ గూటికీ చేరని రెండు

ఎల్. ఎం. మాంట్‌గోమరీ 'ది బ్లూ కాజిల్' 1926 నాటిది. వాలన్సీకి ఇరవై తొమ్మిదేళ్లు, పెళ్లి కాలేదు, కెనడాలో ఒక చిన్న ఊళ్లో తల్లీ చుట్టాలూ ఆమెని నోరెత్తనివ్వరు. గుండె జబ్బుతో ఏడాదికి మించి బతకవని డాక్టర్ రాసిన ఉత్తరం అందాక, ఊరంతా చెడ్డవాడనుకునే బార్నీని తనే పెళ్లి చేసుకోమని అడుగుతుంది. అవసరం ఇంతకంటే నిజంగా ఎక్కడుంటుంది? అతని షరతు ఒక్కటే గట్టిది, ఇంట్లో ఒక గదిలోకి రాకూడదు. పెళ్లి సంబంధాల వాళ్లకి ఫొటోలు పంపీ పంపీ విసిగిపోయిన అమ్మాయిలు ఈ పుస్తకంలో మొదటి ఎనిమిది అధ్యాయాలూ పళ్లు కొరుక్కుంటూ చదువుతారు. అక్కడ చుట్టాలందరూ మనవాళ్లే. రచయిత్రి 1942లో చనిపోయారు కాబట్టి మన దేశంలో కాపీరైట్ ముగిసింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీష్ సులువు.

గ్రేస్ డ్రేవెన్ 'రేడియన్స్' (2014) ఫాంటసీ. రెండు జాతుల మధ్య రాజకీయ ఒప్పందం కోసం పెళ్లి. ఇద్దరికీ ఇద్దరూ అనాకారులుగా కనిపిస్తారు, ఆ మాట మొదటి రోజే ఒకరితో ఒకరు నవ్వుతూ చెప్పేసుకుంటారు. అపార్థాలతో సాగదీసే కథలతో విసిగినవాళ్లకి ఇది మంచి విరుగుడు. ఫాంటసీ అలవాటు లేకపోతే మొదట్లో వింత తిండ్ల వర్ణనలు కొంచెం ఇబ్బంది పెడతాయి.

ఎక్కడ దొరుకుతాయి, దేనితో మొదలుపెట్టాలి

కాగితం పుస్తకం కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకడం మొదటి పని. మూసేసిన షాపుల ముందు పరిచిన గుట్టల్లో మిల్స్ అండ్ బూన్ పుస్తకాలు ఎప్పుడూ ఉంటాయి. 1908లో లండన్‌లో పుట్టిన ఆ కంపెనీ 1971 నుంచి కెనడాకి చెందిన హార్లెక్విన్ చేతిలోకి వెళ్లింది. వాళ్ల సన్న పుస్తకాల్లో మన రకం కథలు కోకొల్లలు. వెనక అట్ట మీద రెండు పేరాలు చదివితే బేరం ఏమిటో చెప్పేస్తారు. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఎక్కువగా ఆశించకండి, కానీ ఈ రకం మీ ఒంటికి పడుతుందో లేదో తేల్చుకోవడానికి తక్కువ ఖర్చు దారి అదే. కొనేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. చిరిగిపోయినవి కూడా నవ్వుతూ అంటగడతారు. హేయర్ పాత ప్రతులు అదృష్టం ఉంటే తగులుతాయి. ఏటా డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో సెకండ్ హ్యాండ్ స్టాళ్లలోనూ చూడవచ్చు. క్లేపస్, డేర్, జపాటా లాంటివాళ్లు ఈ-బుక్‌గా తేలిగ్గా దొరుకుతారు.

ఇంగ్లీష్ నవల ఇదే మొదటిసారి అయితే 'ది బ్లూ కాజిల్'. రోజుకి అరగంటే దొరుకుతుంది, తెలుగులోనే చదవాలి అంటే యాప్‌లో పూర్తయిన సీరియల్, అందులో పసిపిల్ల ఉన్న ఇల్లు. అమెరికా వెళ్లినవాళ్లు గానీ వెళ్లబోతున్నవాళ్లు గానీ అయితే జపాటా. సరసం కావాలంటే డేర్. ఇవన్నీ చదివేసినవాళ్లకి, లేదా మొదట్నుంచీ ఒక్కటే చదువుతాను అదేదో మంచిదే చెప్పండి అనేవాళ్లకి 'ఎ సివిల్ కాంట్రాక్ట్'. దాన్ని మాత్రం మెట్రోలో నిలబడి ఫోన్‌లో చదవకండి, ఆడియో కూడా వద్దు. ఆ యాసకి వెనక్కి తిరిగి పేజీ చూసుకోవాల్సి వస్తుంది. ప్రింట్ ప్రతి దొరికేదాకా ఆగండి.